డిష్‌వాషర్ మధ్యలో ఆగిపోతే: స్విచ్ ఆపేముందు చూడాల్సినవి

తలుపు తెరిస్తే గిన్నెల మీద జిడ్డు అలాగే ఉంది. అడుగున మురికినీళ్లు. ప్యానెల్ మీద ఏదో అంకె మిణుకుమంటోంది, లేదా అసలేమీ వెలగడం లేదు. ఇలాంటప్పుడు ఎవరి చెయ్యైనా ముందు స్విచ్ మీదికే పోతుంది. ఆపేసి, మళ్లీ వేసి, స్టార్ట్ నొక్కుతాం. ఒక్కోసారి దాంతోనే నడిచేస్తుంది కూడా. నడవకపోతే మాత్రం, ఎందుకు ఆగిందో చెప్పే గుర్తులన్నీ మన చేత్తో మనమే చెరిపేసుకున్నట్టు.

కాబట్టి స్విచ్ జోలికి పోకముందు రెండు నిమిషాలు నిలబడి ఇవి చూసిపెట్టుకోండి. మొదలుపెట్టి ఎంతసేపటికి ఆగింది? అడుగున నీళ్లున్నాయా, ఉంటే ఎంత మేరకు? గిన్నెలు వేడిగా తగులుతున్నాయా, చల్లగానా? సబ్బు టాబ్లెట్ కరిగిపోయిందా, డబ్బీలోనే ఉందా? ప్యానెల్ మీద ఏముందో ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. తలుపు మాత్రం ఒక్కసారిగా లాగకండి. వేడి మీద ఆగి ఉంటే ఆవిరి మొహానికి కొడుతుంది. కొంచెం వారగా తెరిచి, ఆవిరి పోయాక పూర్తిగా తెరవండి.

అసలు ఆగిందా?

వెటకారానికి అడగడం లేదు. ఎకో ప్రోగ్రామ్ చాలా మెషీన్లలో మూడు నుంచి నాలుగు గంటలు పడుతుంది. నీళ్లూ వేడీ తక్కువ వాడుకుని, ఆ తక్కువను ఎక్కువసేపు కడిగి సరిపెట్టుకుంటుంది. గిన్నెలు నానాలని మధ్యమధ్య పంపు ఆపేస్తుంది కూడా. ఇక చివర్లో ఆరబెట్టేటప్పుడు చాలా మోడళ్లలో ఏ చప్పుడూ ఉండదు. వేడినీళ్లతో జాడించిన గిన్నెలు తమ వేడికే ఆరుతుంటాయి. ఆ నిశ్శబ్దం చూసి ఆగిపోయిందనుకుని తలుపు తెరిచేసేవాళ్లు ఎక్కువ. ఆటో ప్రోగ్రామ్‌లో ఇంకో తిరకాసు ఉంది. నీళ్లు ఎంత మురికిగా ఉన్నాయో సెన్సార్ చూసి సమయాన్ని పెంచడమో తగ్గించడమో చేస్తుంది. గంటా పది నిమిషాలు చూపించింది కాస్తా ఉన్నట్టుండి గంటన్నరకు ఎగబాకితే మెషీన్ చెడిపోయిందని కాదు.

ఇంకొకటి: మధ్యలో తలుపు తెరిచి మర్చిపోయిన కప్పు పెట్టారా? కొన్ని మెషీన్లు తలుపు మూయగానే తమంతట తామే కొనసాగిస్తాయి. కొన్నింటికి స్టార్ట్ మళ్లీ నొక్కాలి, నొక్కిన కొన్ని సెకన్లలోనే తలుపు మూసేయాలి. ఇంట్లో ఇంకెవరైనా తెరిచి మూసి, చెప్పకుండా వెళ్లిపోయి ఉండవచ్చు. ఈ విచారణ ముందే జరిపితే చాలా శ్రమ తప్పుతుంది.

ఎక్కడ ఆగిందో దాన్నిబట్టి

లోపల జరిగే పని వరస తెలిస్తే మిగతాదంతా తేలిక. స్టార్ట్ నొక్కగానే మెషీన్ కొన్ని సెకన్లపాటు పాత నీళ్లు తోడేస్తుంది. తర్వాత మూడు నాలుగు లీటర్ల కొత్త నీళ్లు పట్టుకుంటుంది. వాటినే తిప్పితిప్పి స్ప్రే ఆర్మ్‌ల (నీళ్లు చిమ్మే తిరుగుడు చేతుల) నుంచి చిమ్ముతూ వేడి చేస్తుంది. డబ్బీ తెరిచి టాబ్లెట్ వదులుతుంది. కడిగాక ఆ నీళ్లు తోడేసి, మళ్లీ పట్టి, జాడిస్తుంది. ఆఖరి జాడింపు వేడినీళ్లతో. అవీ తోడేసి ఆరబెడుతుంది. ప్రతి మెట్టు దగ్గరా ఒక సెన్సార్ కాపలా ఉంటుంది. అది సరేనంటేనే ముందుకు. మధ్యలో ఆగిందంటే ఆ కాపలాదారుల్లో ఎవరో సరేనని అనలేదన్నమాట.

మొదటి ఐదారు నిమిషాల్లోనే ఆగి, అడుగు పొడిగా ఉంటే నీళ్లు రావడం లేదు. అడుగున మురికినీళ్లు నిలిచి ఉంటే నీళ్లు పోవడం లేదు. గంటలు గడిచినా సమయం కదలక, గిన్నెలు చల్లగా, టాబ్లెట్ ముద్దముద్దగా ఉంటే వేడెక్కడం లేదు. లోపల నీళ్లు లేకపోయినా తోడే పంపు ఆగకుండా గుర్రుమంటుంటే కింద ఎక్కడో లీకు. ప్యానెల్ మొత్తం చీకటైతే తలుపో కరెంటో.

ఫిల్టర్ గుంటలో అడుగున కాస్త తేటనీళ్లు కనిపిస్తే కంగారు పడకండి. పంపు సీళ్లు ఎండిపోకుండా కొద్దిగా నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. ఫిల్టర్ మూత పైకి తేలి, అడుగు మడుగులా ఉంటేనే సమస్య.

నీళ్లు నిలిచిపోతే

మధ్యలో ఆగే మెషీన్లలో నేను చూసినంతలో ఎక్కువ ఈ బాపతే. మెకానిక్ అవసరం లేకుండా బాగయ్యేవీ ఇవే. ముందు ప్లగ్ పీకేయండి. చేతికి మందపాటి రబ్బరు గ్లవ్స్ వేసుకోండి, ఎందుకో కిందికి వచ్చేసరికి తెలుస్తుంది.

1. కింది ర్యాక్ బయటికి తీసేయండి. మగ్గుతో నీళ్లు తోడి, మిగిలింది స్పాంజితో అద్ది పిండండి. చివరి చుక్క దాకా తీయాలి, లేకపోతే గుంటలో ఏముందో కనబడదు.

2. మధ్యలో ఉండే గొట్టం ఆకారపు ఫిల్టర్‌ను చాలా మోడళ్లలో అపసవ్య దిశలో తిప్పితే ఊడివస్తుంది. దాని కింద పళ్లెంలాంటి సన్నటి జల్లెడ ఉంటుంది, దాన్నీ ఎత్తండి. కుళాయి కింద పెట్టి మెత్తటి బ్రష్‌తో తోమండి. ఇనుప పీచు వాడొద్దు, జల్లెడ చిరిగిపోతుంది. శుభ్రమైందో లేదో తెలియాలంటే వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. కంటికి శుభ్రంగా కనిపించినా, అడ్డంగా పట్టి నీళ్లు పోస్తే పైనే నిలబడిపోతున్నాయంటే జిడ్డు పొర ఇంకా ఉన్నట్టే. వేడినీళ్లలో కాస్త సబ్బు వేసి పావుగంట నానబెట్టి మళ్లీ తోమండి. తర్వాత సబ్బు పూర్తిగా పోయేలా కడగాలి, నురుగు ఏం చేస్తుందో తర్వాత చెబుతాను.

3. ఇప్పుడు ఫిల్టర్ తీసిన గుంటలోకి టార్చ్ వేయండి. ఒక పక్కగా చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది, దాని వెనకే తోడే పంపు. మూత కొన్నింట్లో చెంచా కాడతో లేపితే వస్తుంది, కొన్నింట్లో ఒక స్క్రూ ఉంటుంది. తీశాక చిన్న రెక్కల చక్రం కనబడుతుంది. వేలితో తిప్పండి. తేలిగ్గా గిర్రున తిరగదు, అయస్కాంతం పట్టు వల్ల కుదుపుకుదుపుగా, టక్ టక్‌మంటూ తిరుగుతుంది. అది మామూలే. అసలు కదలకపోయినా, ఒకచోట గట్టిగా అడ్డుపడినా ఏదో ఇరుక్కుందని అర్థం. గ్లవ్స్ ఇందుకే. అక్కడ దొరికేవాటిలో గాజు పెంకులు మొదటివి. తర్వాత పండ్ల గింజలు, టూత్‌పిక్ ముక్కలు, సీసాల మీంచి ఊడిన కాగితం లేబుళ్లు. లేబుల్ నానిపోయి రెక్కలకు తాడులా చుట్టుకుంటుంది. పట్టకారుతో కొసను పట్టుకుని, చక్రాన్ని వెనక్కి తిప్పుతూ లాగితే తెగకుండా వస్తుంది.

4. మూత తిరిగి పెట్టేటప్పుడు క్లిక్‌మనేదాకా నొక్కండి. అది సరిగ్గా కూర్చోకపోతే పంపు తిరిగినా నీళ్లు లాగదు. ఫిల్టర్ కూడా బిగుసుకునేదాకా తిప్పాలి. వదులుగా ఉంటే ఎంగిలి ముక్కలు మళ్లీ నేరుగా పంపులోకే పోతాయి.

5. లోపలంతా శుభ్రంగా ఉన్నా నీళ్లు కదలకపోతే బయటి పైపు చూడండి. సింకు కింద తలపెట్టి డ్రెయిన్ పైపు ఎక్కడైనా మడతపడిందేమో మొదటి నుంచి చివరిదాకా చేత్తో తడుముతూ వెళ్లండి. సింకు గొట్టానికి కలిసే ముక్కు దగ్గర జిడ్డు గడ్డకట్టడం మామూలే. క్లాంపు విప్పే ముందు కింద బకెట్ పెట్టుకోండి. సింకు కింద గొట్టమో, చెత్త నలిపే యంత్రమో కొత్తగా బిగించినప్పటి నుంచే ఈ గొడవ మొదలైతే, ఆ ముక్కు లోపల ఉండే ప్లాస్టిక్ బిళ్లను బిగించినవాళ్లు తీయకుండా వదిలేశారేమో చూడండి. ఫ్యాక్టరీ నుంచి అది మూసే వస్తుంది. మెషీన్ తగిలించేటప్పుడు పొడిచి తీసేయాలి.

ఈ అయిదో అంచె ముందే చూసుకోక నేను మూడు రోజులు పోగొట్టుకున్నాను. మెషీన్ వెనక శుభ్రం చేద్దామని ముందుకు లాగి, ఊడ్చి, తుడిచి, మళ్లీ గోడకు నెట్టేశాను. ఆ రాత్రి నుంచి ప్రతిసారీ మొదటి కడుగుడు పూర్తవగానే ఆగిపోవడం, అడుగున నీళ్లు. ఫిల్టర్ రెండుసార్లు తోమాను, పంపు మూత తీసి చూశాను, గాజు పెంకు కాదు కదా గింజ కూడా లేదు. మూడో రోజు విసుగొచ్చి మళ్లీ ముందుకు లాగితే, డ్రెయిన్ పైపు మెషీన్ వెనక కాలికింద చదునుగా నలిగి పడుంది. పైపు మీద కాలి ముద్ర గుండ్రంగా పడింది కూడా. అప్పటినుంచీ ఎవరైనా అడిగితే మొదటి ప్రశ్న ఇదే వేస్తున్నాను: ఆగడం మొదలైన రోజుకు ముందు ఏం కదిపారు?

నీళ్లు రాకపోతే

ఇది చిన్న పని. మెషీన్‌కు వెళ్లే కుళాయి పూర్తిగా తెరిచి ఉందా, ఇన్‌లెట్ పైపు మెలిపడిందా చూడండి. తర్వాత కుళాయి కట్టేసి పైపు విప్పి, అదే కుళాయిని బకెట్‌లోకి వదలండి. పది లీటర్ల బకెట్ నిమిషానికి అటూఇటూగా నిండితే నీటి సరఫరాతో పేచీ లేదు. సన్నటి ధారగా వస్తుంటే తప్పు మెషీన్‌ది కాదు. చాలా మెషీన్లకు కనీసం 0.5 బార్ ప్రెషర్ కావాలి.

ధార బాగానే ఉంటే పైపు చివర, మెషీన్‌లోకి వెళ్లే చోట చిన్న జల్లెడ ఉంటుంది. ఇసుక, తుప్పు, సున్నం అక్కడ పేరుకుంటాయి. పట్టకారుతో మెల్లగా లాగి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, మళ్లీ పెట్టేయండి. సున్నం గట్టిపడితే వెనిగర్‌లో నానబెట్టండి. పైపు చివర పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఉన్న రకమైతే, అందులో నీళ్లు ఆపే కరెంటు వాల్వు ఉంటుంది. దాన్ని నీళ్లలో ముంచొద్దు, పైపును కోయొద్దు.

ఇందులోనే బోల్తా కొట్టించే రకం ఒకటుంది. డ్రెయిన్ పైపు కొస నేల మట్టంలో పడుంటే, మెషీన్ ఒకవైపు నీళ్లు పట్టుకుంటుంటే ఇంకోవైపు వాటంతటవే జారిపోతుంటాయి. ఎంత పట్టినా నిండదు, చివరికి నీళ్లు రావడం లేదని ఆగిపోతుంది. వచ్చినవి నిలవడం లేదని దానికి తెలియదు పాపం. స్టార్ట్ నొక్కిన కాసేపటికే సింకు గొట్టంలో నీళ్లు పారుతున్న శబ్దం ఆగకుండా వస్తే ఇదే. డ్రెయిన్ పైపు మధ్యలో ఒక వంపు ఎత్తుగా, సింకు అడుగు దాకా లేచి, తర్వాత కిందికి దిగేలా కట్టండి.

లోతైన గిన్నె బోర్లా ఉండాల్సింది వెల్లకిలా తిరిగిపోయినా ఇలాంటిదే జరుగుతుంది. మొత్తం తిరిగే నీళ్లే మూడు నాలుగు లీటర్లు. అందులో ఒకటిన్నర ఒక్క గిన్నెలోనే నిలిచిపోతే పంపుకు నీళ్లు అందక గాలి పీలుస్తుంది. ఆగిన మెషీన్ తెరవగానే నిండుగా నీళ్లున్న గిన్నె కనబడితే ఇక వేరే కారణం వెతక్కండి.

చల్లగా ఉండి, సమయం కదలకపోతే

వేడి ప్రోగ్రామ్ ఒకటి పెట్టండి. అరగంట తర్వాత జాగ్రత్తగా కొంచెం తెరవండి. ఆవిరి రావాలి, ప్లేటు పట్టుకుంటే చేతికి చురుక్కుమనాలి. గోరువెచ్చగా కూడా లేకపోతే హీటరో, వేడిని కొలిచే సెన్సారో, హీటర్‌కు కరెంటు పంపే, మెషీన్ బోర్డు మీది రిలే అనే స్విచ్చో పోయి ఉంటుంది. నీళ్లు ఫలానా వేడికి చేరితేనే ముందుకు పోవాలని మెషీన్‌కు నేర్పారు. చేరకపోతే కొన్ని మెషీన్లు గంటల తరబడి తిప్పుతూనే ఉంటాయి, కొన్ని ప్యానెల్ మీద కోడ్ చూపించి ఆగుతాయి.

మల్టీమీటర్ వాడటం వచ్చినవాళ్లు, ప్లగ్ పీకి, హీటర్ తీగలు విప్పి దాని రెండు కొసల మధ్య రెసిస్టెన్స్ కొలవవచ్చు. 230 వోల్టుల మీద నడిచే 2000 వాట్ల హీటర్ అయితే 26 ఓమ్‌ల దగ్గర చూపించాలి. అనంతం చూపిస్తే హీటర్ తెగిపోయింది. సరిగ్గా వేడెక్కే సమయానికే ఇంట్లో బ్రేకర్ పడిపోతుంటే, హీటర్ లోపల తడి చేరి కరెంటు బాడీకి లీకవుతున్నట్టు అనుమానించాలి. ఆ మెషీన్‌ను మళ్లీ మళ్లీ వేసి పరీక్షించకండి. ప్లగ్ పీకి టెక్నీషియన్‌ను పిలవండి.

ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడుపుతున్నారా? హీటర్ వేసుకోగానే సన్నటి తీగలో వోల్టేజీ పడిపోయి, మెషీన్ లోపలి బోర్డు రీసెట్ అయ్యే అవకాశం ఉంది. ప్లగ్ ముట్టుకుంటే వేడిగా ఉండటం దీనికి గుర్తు. నేరుగా గోడ సాకెట్‌కు మార్చండి. ఆగిపోవడం మాట అటుంచి, అది మంటలకు దారితీసే సంగతి.

పంపు ఆగకుండా గుర్రుమంటుంటే

చాలా మెషీన్ల అడుగున ఒక ట్రే, అందులో తేలే ఒక బిళ్ల ఉంటాయి. ఎక్కడినుంచైనా నీళ్లు కారి ట్రేలో చేరితే బిళ్ల పైకి లేస్తుంది. వెంటనే మెషీన్ ఇల్లు మునగకూడదని నీళ్లు రావడం ఆపేసి, ఉన్నవి తోడుతూ కూర్చుంటుంది. స్విచ్ ఆపి వేసినా అదే పని. కుళాయి కట్టేసి, ప్లగ్ పీకి, మెషీన్‌ను వెనక్కి కొద్దిగా, నలభై అయిదు డిగ్రీలకు మించకుండా వంచితే ట్రేలోని నీళ్లు కారిపోతాయి. ఇద్దరు ఉండాలి, ఒక్కరే ప్రయత్నించొద్దు. కింద పాత తువ్వాళ్లు పరవండి. క్యాబినెట్‌లో బిగించిన మెషీన్ అయితే వంచలేరు. ముందు కింది పలక విప్పి స్పాంజితో తీయాలి.

నీళ్లు తీసేశాక మెషీన్ నడిచినంత మాత్రాన బాగైనట్టు కాదు. ట్రేలోకి ఎలా వచ్చాయో తేలాలి. నేను ముందు అనుమానించేది నురుగునే. చేత్తో గిన్నెలు తోమే సబ్బు ఒక్క చెంచా పడినా చాలు, లోపలంతా నురగలు కక్కుతుంది. పంపు నీళ్లకు బదులు నురుగు లాగుతుంది. తలుపు సందుల్లోంచి అది కిందికి దిగి ట్రేలో నీళ్లవుతుంది. రిన్స్ ఎయిడ్ (గిన్నెలు తొందరగా ఆరడానికి పోసే ద్రవం) ఒలికిపోయినా ఇదే తంతు. నురుగును చేతులతో ఎత్తిపారేసి, గుప్పెడు ఉప్పు చల్లి, సబ్బు లేకుండా రెండు మూడుసార్లు ఒట్టి జాడింపు ప్రోగ్రామ్ తిప్పండి. నురుగు కాకపోతే తలుపు కింది రబ్బరు చూడండి. పగిలిందా, మడతపడిందా, జిడ్డు పేరుకుందా? అదీ బాగుంటే లోపలి గొట్టాల లీకు, అది విప్పి చూడాల్సిన పని.

ప్యానెల్ చీకటైతే

అదే సాకెట్‌లో ఇంకేదైనా పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడండి. వస్తుంటే తలుపు సంగతి. తలుపు మూసినప్పుడు గట్టిగా క్లిక్‌మంటోందా? ర్యాక్‌లో ఏ గరిట కాడో బయటికి పొడుచుకొచ్చి తలుపును ఒక వెంట్రుకవాసి దూరం పెడుతోందా? నీళ్లు చిమ్మే జోరుకు తలుపు కదిలి, స్విచ్ తెగి, మెషీన్ ఆగి, మళ్లీ అంటుకోవడం జరుగుతుంటుంది. నడుస్తున్నప్పుడు తలుపు పైభాగాన్ని అరచేత్తో నొక్కిపట్టండి. నొక్కితే నడుస్తూ, వదిలితే ఆగుతుంటే లాచ్ (తలుపు గొళ్లెం) అరిగిందని తేలిపోయింది.

ఏ కారణమూ దొరక్కపోతే అప్పుడు రీసెట్. ప్లగ్ పీకి అయిదు పది నిమిషాలు వదిలేయండి. చాలా మెషీన్లలో స్టార్ట్‌ను మూడు నుంచి అయిదు సెకన్లు పట్టుకుంటే పాత ప్రోగ్రామ్ రద్దయి నీళ్లు తోడేస్తుంది. కరెంటు హెచ్చుతగ్గులకు బోర్డు తికమకపడి ఉంటే దీనితో సర్దుకుంటుంది. వారం తిరక్కుండా మళ్లీ అదే చోట ఆగితే రీసెట్ మందు కాదు, పైనుంచి మళ్లీ వెతకాలి.

కోడ్‌ల గురించి

కోడ్ అనేది ఏ మెట్టు దగ్గర ఆగిందో చెబుతుందే తప్ప ఏ వస్తువు పోయిందో చెప్పదు. ఈ తేడా తెలియక పంపులు కొనేసేవాళ్లున్నారు. బాష్ మెషీన్లలో చాలాకాలంగా ఈ24 అంటే నీళ్లు పోవడం లేదని, ఈ15 అంటే అడుగు ట్రేలో నీళ్లున్నాయని. ఎల్‌జీలో ఓఈ నీళ్లు పోకపోవడానికి, ఐఈ నీళ్లు రాకపోవడానికి, ఏఈ లీకుకు. ఎలక్ట్రోలక్స్‌లో ఐ10 రాకపోవడం, ఐ20 పోకపోవడం, ఐ30 లీకు. ఒకే కంపెనీలో కూడా మోడల్‌ను బట్టి మారతాయి కాబట్టి మీ మాన్యువల్‌లో సరిచూసుకోండి. నీళ్లు పోవడం లేదన్న కోడ్ వస్తే పంపు పాడైనా పైపు నలిగినా వచ్చేది అదే కోడ్. నా మూడు రోజులూ మెషీన్ చూపించింది అదే.

మెకానిక్‌ను పిలవాల్సి వస్తే మొదట్లో చూసిపెట్టుకున్నవన్నీ అప్పుడు పనికొస్తాయి. "ఆగిపోతోంది" అని చెప్పకండి. "ఇన్ని నిమిషాలకు ఆగుతోంది, అడుగున నీళ్లు లేవు, గిన్నెలు చల్లగా ఉన్నాయి, ఫిల్టరూ పైపులూ చూశాను, కోడ్ ఇది" అని చెప్పండి. తలుపు అంచు మీద అంటించి ఉండే మోడల్ నంబర్ కూడా. వచ్చేటప్పుడు కావాల్సిన వస్తువు వెంట తెచ్చుకుంటాడు, ఒక్క రాకతో పని తేలుతుంది. బోర్డు పోయిందంటే మాత్రం వెంటనే ఒప్పుకోకండి. ఏది కొలిచి ఆ మాట అన్నాడో అడగండి.

మీరే బాగుచేసుకున్నా, ఆ వెంటనే గిన్నెలన్నీ నింపేయకండి. ఖాళీ మెషీన్‌లో అన్నిటికంటే చిన్న ప్రోగ్రామ్ పెట్టి, స్టూలు వేసుకుని పక్కనే కూర్చోండి. నీళ్లు పట్టే శబ్దం, చిమ్మే శబ్దం, సింకు గొట్టంలోకి గలగలా పారే శబ్దం వరసగా వినబడాలి. ఆగాక ఫిల్టర్ గుంటలో టార్చ్ వేసి చూడండి. అడుగున కాస్త తేటనీళ్లే ఉంటే ఆ జిడ్డు గిన్నెలు మళ్లీ సర్దుకోవచ్చు.